నిబంధన బీమా కంపెనీకి, కోత రోగికి: ఐఆర్‌డీఏఐకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఛైర్మన్ గారికి, సభ్యులకు,
భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ, హైదరాబాద్.

నమస్కారం.

ఆసుపత్రుల ఇన్సూరెన్స్ డెస్కుల్లో, బీమా కంపెనీల తరఫున క్లెయిములు పరిశీలించే టీపీఏ ఆఫీసుల్లో, పాలసీదారుల తరఫున క్లెయిములు నడిపే పనిలో ఉన్నవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. గత కొన్నేళ్లలో మీరు తెచ్చిన ఆరోగ్య బీమా నియమాల్లో చాలా వరకు మంచివే. కాకపోతే అవి కట్టడి చేసేది బీమా కంపెనీని. బిల్లు రాసేది మాత్రం ఆసుపత్రి. ఆసుపత్రి వేసిన మొత్తానికీ కంపెనీ ఒప్పుకున్న మొత్తానికీ మధ్య ఎంత తేడా వచ్చినా, దాన్ని కట్టేది చివరికి రోగే. ఆసుపత్రులు మీ పరిధిలో లేవన్నది మాకు తెలుసు. కానీ ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రికీ, అంటే కంపెనీ తన జాబితాలో చేర్చుకున్న ఆసుపత్రికీ, బీమా కంపెనీతో ఒక ఒప్పందం ఉంటుంది. ఆ ఒప్పందంలో ఏముండాలో కంపెనీకి చెప్పే అధికారం మీకుంది. మేం అడుగుతున్నదల్లా దాన్ని వాడమనే.

చిన్నదిగా కనిపించే సంగతితో మొదలుపెడతాం. 2019 సెప్టెంబరు మార్గదర్శకాల్లో మీరు ఆసుపత్రి బిల్లుల్లో కనిపించే చిన్నచిన్న ఖర్చులతో నాలుగు జాబితాలిచ్చారు. అవి నేటికీ పాలసీ పత్రాల వెనుక అనుబంధంగా వస్తున్నాయి. మొదటి జాబితాలో 68 అంశాలు: డైపర్లు, గ్లవ్స్, క్రేప్ బ్యాండేజీ, థర్మామీటర్, నెబ్యులైజర్ కిట్ వంటివి. విడిగా రైడర్ (పాలసీకి జోడించే అదనపు కవరేజీ) తీసుకుంటే తప్ప ఇవి రోగి ఖర్చే. దాని మీద మాకు అభ్యంతరాలున్నా, కనీసం అది ముందే రాసిపెట్టిన విషయం. మిగతా మూడు జాబితాల కథ వేరు. రెండో జాబితాలోని 37 అంశాలు గది అద్దెలోనే కలిసి ఉండాలి. ఏసీ చార్జీ, హౌస్‌కీపింగ్, ఫైల్ ఓపెనింగ్, విజిటర్ పాస్, పల్స్ ఆక్సీమీటర్, అడ్మిషన్ కిట్, రోగి చేతికి కట్టే పేరు పట్టీ అన్నీ అందులోవే. మూడో జాబితాలోని 23 ఆపరేషన్ చార్జీలో కలిసి ఉండాలి: దూది, గాజ్ (గాయానికి వాడే పలుచని గుడ్డ), సర్జికల్ బ్లేడు, ఎక్స్‌రే ఫిల్మ్, థియేటర్ బుకింగ్. నాలుగో జాబితాలోని 18 చికిత్స ఖర్చులో కలిసి ఉండాలి: రిజిస్ట్రేషన్ రుసుము, ఇన్‌ఫ్యూజన్ పంపు, యూరిన్ బ్యాగు, గ్లూకోమీటర్ స్ట్రిప్పులు.

కలిసి ఉండాలి అంటే విడిగా వసూలు చేయకూడదని ఎవరైనా అనుకుంటారు. ఆచరణలో జరిగేది ఇదీ. ఆసుపత్రి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీటన్నిటికీ విడివిడి కోడ్‌లుంటాయి. వార్డు నుంచి ఇండెంట్ పెట్టగానే బిల్లులోకి ఎక్కుతాయి. ఫైనల్ బిల్లు టీపీఏకి వెళ్తే, అక్కడ ప్రాసెసింగ్ చేసే డాక్టరు ఆ లైన్లను కొట్టేస్తారు. నియమం ప్రకారం ఆయన చేసింది సరైనదే. కానీ కొట్టేసిన సొమ్ము బిల్లులోంచి మాయం కాదు. ‘నాన్ మెడికల్స్’ అన్న పేరుతో డిశ్చార్జ్ కౌంటర్ దగ్గర రోగి కొడుకు ముందుకో, భార్య ముందుకో వస్తుంది. పేషెంట్‌ని ఇంటికి తీసుకెళ్లాలన్న తొందరలో ఉన్న మనిషి కార్డు గీకి కట్టేస్తాడు. రోగిని కాపాడటానికి పెట్టిన జాబితా చివరికి కంపెనీకి మాత్రమే ఆదా మిగులుస్తోంది.

దీన్ని సరిచేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ‘రెండు, మూడు, నాలుగు జాబితాల్లోని అంశాలను ఆసుపత్రి బీమా కంపెనీ దగ్గర గానీ రోగి దగ్గర గానీ విడిగా వసూలు చేయరాదు, చేస్తే ఆ మొత్తాన్ని కంపెనీ ఆసుపత్రికి చేసే తదుపరి చెల్లింపులోంచి తగ్గించి రోగికి తిరిగి ఇవ్వాలి’ అన్న ఒక్క వాక్యం ప్రతి నెట్‌వర్క్ ఒప్పందంలో ఉండాలని మీరు ఆదేశిస్తే చాలు. తప్పు చేసిన ఆసుపత్రి డబ్బు ఎప్పుడూ ఎంతో కొంత కంపెనీ దగ్గర పెండింగ్‌లో ఉంటుంది కాబట్టి, దాన్ని అమలు చేయడం కష్టమేమీ కాదు.

ఇక పెద్ద విషయం, గది అద్దె పరిమితి. రూ. 5 లక్షల పాలసీలో రోజుకు 1 శాతం, అంటే రూ. 5,000 పరిమితి ఉందనుకోండి. రోగి రూ. 8,000 గదిలో నాలుగు రోజులున్నాడు. కుటుంబం వేసుకునే లెక్క: రోజుకు రూ. 3,000 చొప్పున రూ. 12,000 మన చేతి నుంచి పోతుంది, పర్వాలేదు. బిల్లు వచ్చింది. గది రూ. 32,000, సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్, విజిట్లు కలిపి రూ. 1,60,000; మందులు, సామగ్రి రూ. 60,000; పరీక్షలు రూ. 25,000, మొదటి జాబితాలోని అంశాలు రూ. 9,000. మొత్తం రూ. 2,86,000. పాలసీ రూ. 5 లక్షలది కాబట్టి అంతా వస్తుందన్న నమ్మకంతో ఉంటారు.

కానీ పరిమితి దాటిన గది తీసుకుంటే గదితో ముడిపడిన ఖర్చులన్నీ అదే నిష్పత్తిలో తగ్గుతాయి. ఇక్కడ నిష్పత్తి ఎనిమిదికి ఐదు. రూ. 1,60,000లో ఒప్పుకునేది రూ. 1,00,000 మాత్రమే. గదికి రూ. 20,000, మందులకు, పరీక్షలకు పూర్తిగా రూ. 85,000 కలిపి కంపెనీ ఇచ్చేది రూ. 2,05,000. రోగి కట్టేది రూ. 81,000. అందులో తొమ్మిది వేలు పక్కనపెట్టినా, పన్నెండు వేలు అనుకున్నది డెబ్బై రెండు వేలైంది. ఇదీ నియమం సరిగ్గా పాటించినప్పటి లెక్క. మందులు, సామగ్రి, ఇంప్లాంట్లు, పరీక్షలను ఈ నిష్పత్తి కోత నుంచి 2020 జూన్‌లో మీరే మినహాయించారు; ఐసీయూ చార్జీలకు ఈ కోత వర్తించకూడదన్నారు. అయినా మొత్తం బిల్లు మీద నిష్పత్తి వేసేసిన సెటిల్‌మెంట్ లెటర్లు ఇంకా వస్తున్నాయి. పై ఉదాహరణలో అలా వేస్తే రోగి మీద ఇంకో రూ. 31,875 పడుతుంది. అడిగినవాళ్లకు తిరిగి వస్తుంది. అడగాలని తెలియనివాళ్లకు రాదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. రిసెప్షన్ బోర్డు మీద గది రూ. 4,500 అని ఉంటుంది. బిల్లులో దాని కిందే నర్సింగ్ చార్జీ రూ. 900, డ్యూటీ డాక్టర్ చార్జీ రూ. 600 అని రోజువారీ లైన్లు వస్తాయి. ‘గది, భోజనం, నర్సింగ్ కలిపి’ అని రాసి ఉన్న పాలసీలో ఇది రూ. 4,500 గది కాదు. నర్సింగ్ కలిపితేనే రూ. 5,400 అయిపోయింది. పరిమితి లోపలే గది తీసుకున్నామని నమ్మిన కుటుంబానికి కోత పడుతుంది. గది అద్దె అంటే దేనిదేని మొత్తమో అన్ని కంపెనీలకూ ఒకే నిర్వచనం, ఆసుపత్రి బోర్డు మీదా అదే నిర్వచనం ప్రకారం ఒకే అంకె ఉండేలా ఒప్పందంలో రాయించండి.

అసలు గదిని బట్టి ఆపరేషన్ ధర ఎందుకు మారాలి? సర్జన్ అతనే, థియేటర్ అదే, వాడే దారం కూడా అదే. ఆసుపత్రి చెప్పేది: డీలక్స్ గది తీసుకునేవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకుంటేనే జనరల్ వార్డు ధర తక్కువ పెట్టగలం. కంపెనీ చెప్పేది: పరిమితి లేకపోతే అందరూ సూట్‌లోనే చేరతారు, ఆ ఖర్చు అందరి ప్రీమియం మీదా పడుతుంది. రెండు వాదనల్లోనూ న్యాయముంది, కాదనం. అయితే ధర ఇలా మారుతుందని రోగికి గది ఎంచుకునే ముందు ఎవరూ చెప్పరు. ధర తెలియకుండా చేసిన ఎంపికకు పూర్తి శిక్ష వేయడం న్యాయం కాదు.

మీ 2020 మార్గదర్శకాల్లోనే దీనికి ఒక తాళంచెవి ఉంది. గదిని బట్టి ధరలు మార్చని ఆసుపత్రుల్లో నిష్పత్తి కోత వేయకూడదని అందులో ఉంది. మరి ఆ ఆసుపత్రులు ఏవి? కంపెనీ వెబ్‌సైట్‌లోని నెట్‌వర్క్ జాబితాలో పేరు, ఊరు, పిన్‌కోడ్ ఉంటాయి గానీ ఈ సమాచారం ఉండదు. ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రి పక్కన ‘గదిని బట్టి చికిత్స ధర మారుతుంది’ లేదా ‘మారదు’ అని ఒక కాలమ్ పెట్టించండి. పాలసీదారులు ఆ కాలమ్ చూసి ఆసుపత్రి ఎంచుకోవడం మొదలుపెడితే, ధర మార్చని ఆసుపత్రికి రోగులు పెరుగుతారు. ఎవరినీ బలవంతపెట్టకుండానే పోటీ పనిచేస్తుంది.

ధర ముందే చెప్పించడానికి మీ 2024 మే 29 మాస్టర్ సర్క్యులర్‌లోనే అవకాశం ఉంది. క్యాష్‌లెస్ (కంపెనీయే నేరుగా ఆసుపత్రికి చెల్లించే పద్ధతి) అభ్యర్థన అందిన గంటలోపు కంపెనీ నిర్ణయం చెప్పాలన్నారు. ఇప్పుడు ఆ గంటలో వచ్చేది ఒక ఇనిషియల్ అప్రూవల్ అంకె. మొదట కొంత మొత్తం ఇచ్చి, తర్వాత ఎన్‌హాన్స్‌మెంట్, అంటే ఆ మొత్తం పెంపు, అడగమంటారు. రూ. 60,000 అని ఉత్తరం చూసి కొందరు అంతే వస్తుందని భయపడతారు, ఇంకొందరు మిగతాదీ తప్పకుండా వస్తుందని నిశ్చింతగా ఉంటారు. రెండూ పొరపాటే. ఆ ఉత్తరంలో ఇంకో మూడు లైన్లు ఉండాలి: మీ పాలసీ గది పరిమితి ఇంత, మీరు తీసుకున్న గది ఇంత, ఈ గదిలోనే ఉంటే మీ వాటా సుమారు ఇంత. ప్రీ ఆథరైజేషన్ (క్యాష్‌లెస్ ముందస్తు అనుమతి) ఫారంలో గది రకం, అంచనా ఖర్చు ఎలాగూ ఆసుపత్రే నింపుతుంది. కంపెనీ దగ్గర పాలసీ వివరాలు ఎలాగూ ఉంటాయి. రెండూ కలిపి లెక్క వేయడం కంప్యూటర్‌కు క్షణం పని. గది మారడానికి ఇంకా సమయం ఉండగానే ఈ సంగతి రోగికి తెలియాలి.

డిశ్చార్జ్‌కు మూడు గంటల గడువు పెట్టారు, అది దాటితే ఆ అదనపు ఆసుపత్రి ఖర్చు కంపెనీ వాటాదారుల నిధి నుంచి భరించాలన్నారు. మంచి నిర్ణయం. కానీ గడియారం మొదలయ్యేది ఆసుపత్రి నుంచి ఫైనల్ అభ్యర్థన వెళ్లాకే. రౌండ్స్‌లో ఉదయం డాక్టరు ‘వెళ్లొచ్చు’ అంటాడు. ఆ తర్వాత వాడని మందులు ఫార్మసీకి రిటర్న్ వెళ్లాలి, ల్యాబ్ ఎంట్రీలు క్లోజ్ కావాలి, డిశ్చార్జ్ సమ్మరీ మీద కన్సల్టెంట్ సంతకం పడాలి, అప్పుడు బిల్లు తయారవుతుంది. మధ్యాహ్నం దాటాక టీపీఏకి వెళ్తుంది. అక్కడి నుంచి ఒక క్వెరీ వస్తుంది. సమాధానం ఇచ్చాక ఇంకో క్వెరీ. సాయంత్రమైనా రోగి మంచం మీదే ఉంటాడు. రికార్డుల్లో మాత్రం ఎవరూ గడువు దాటలేదు. ఇంకొన్ని చోట్ల ఆ ఆలస్యానికి మరో రోజు గది అద్దె కూడా పడుతుంది. ఒప్పందంలో ఆసుపత్రికీ గడువు పెట్టించండి. అలాగే ఫైనల్ బిల్లు మీద క్వెరీలన్నీ ఒకేసారి అడగాలి, అడ్మిషన్ నాడే అడగదగ్గ ప్రశ్నను డిశ్చార్జ్ నాడు అడగకూడదు అని రాయండి. పాత బీపీ కాగితాలు కావాలని నాలుగో రోజు అడగడంలో అర్థం లేదు.

బీపీ అన్నాం కాబట్టి, మా దృష్టిలో అన్నిటికంటే అన్యాయమైన తిరస్కరణ గురించి చెప్పాలి. ఎమర్జెన్సీలో చేర్చుకునేటప్పుడు డ్యూటీ డాక్టరు హిస్టరీ రాస్తాడు. పక్కనున్న బంధువును ‘షుగర్ ఎప్పటి నుంచి?’ అని అడుగుతాడు. కంగారులో ఉన్న బంధువు ‘నాలుగైదేళ్లు అయ్యుంటుందండీ’ అంటాడు. కేస్ షీట్‌లో ‘ఐదేళ్లుగా’ అని పడుతుంది. పాలసీ తీసుకుని నాలుగేళ్లే అయితే, పాలసీకి ముందే జబ్బు ఉన్నట్టు, దాచినట్టు లెక్క. క్లెయిమ్ పోతుంది, కొన్నిసార్లు పాలసీ కూడా రద్దవుతుంది. తర్వాత అదే డాక్టరు సరిదిద్ది లెటర్ ఇచ్చినా, తరువాత అల్లిన మాటగా కొట్టేస్తారు. ముందున్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్‌ను (కవరేజీ మొదలవడానికి ఆగాల్సిన కాలం) 48 నెలల నుంచి 36కి, మారటోరియంను (ఇది దాటాక మోసం తప్ప వేరే దాపరికం కారణంగా క్లెయిమ్ తిరస్కరించకూడని గడువు) 8 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు 2024లో మీరు తగ్గించారు. ఆ మేలు ఈ ఒక్క నోటి లెక్క దగ్గర నీరుగారిపోతోంది. దాచారని నిరూపించే భారం కంపెనీదే కావాలి. పాలసీకి ముందు తేదీ ఉన్న ప్రిస్క్రిప్షనో, ల్యాబ్ రిపోర్టో, పాత డిశ్చార్జ్ సమ్మరీయో చూపించాలి. కేస్ షీట్‌లోని ఒక్క అంచనా వాక్యం ఆధారంగా క్లెయిమ్ తిరస్కరించకూడదని స్పష్టంగా ఆదేశించండి.

‘రీజనబుల్ అండ్ కస్టమరీ’ (సమంజసమైన, వాడుకలో ఉన్న ధర) అన్న కారణం కూడా అలాంటిదే. అదే ప్రాంతంలో అలాంటి సేవకు వసూలు చేసే సాధారణ ధరకు మించిందని కోస్తారు. ఆ సాధారణ ధర ఎంతో, ఏ ఆసుపత్రులతో పోల్చారో ఉత్తరంలో ఉండదు. నెట్‌వర్క్ ఆసుపత్రి విషయంలో ఈ కారణం అసలు చెల్లకూడదు. టారిఫ్ (ధరల పట్టిక) ఒప్పుకుని సంతకం పెట్టింది కంపెనీయే. తాను ఒప్పుకున్న ధర అసమంజసమని రోగి దగ్గర ఎలా కోస్తుంది?

ఆసుపత్రుల వైపూ చూడాలి. క్యాష్ టారిఫ్ ఒకటి, ఇన్సూరెన్స్ టారిఫ్ ఒకటి పెట్టుకోవడం బహిరంగ రహస్యం. బీమా సొమ్ము ఆలస్యంగా వస్తుందనీ, అందులో డిస్కౌంట్ ఇవ్వాలనీ ముందే ధర పెంచుతారు. కంపెనీ ఆ పెంచిన ధర మీద డిస్కౌంట్ తీసుకుని ఆదా చేశానంటుంది. సామగ్రి విషయంలో ఎంఆర్‌పీ ముసుగు ఉంది. ఢిల్లీ పరిసరాల్లోని కొన్ని పెద్ద ఆసుపత్రుల బిల్లులను పరిశీలించి, కొన్ని వస్తువుల మీద మార్జిన్ 1,737 శాతం దాకా ఉందని జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ 2018 ఫిబ్రవరిలో బయటపెట్టింది. ప్యాకెట్ మీద ముద్రించిన ధరకే అమ్మారు కాబట్టి అది చట్ట ఉల్లంఘన కూడా కాదు. సిరంజి, క్యాన్యులా, ఐవీ సెట్ లాంటి వస్తువులకు ఒప్పందంలో ఎంఆర్‌పీ మీద డిస్కౌంట్ బదులు, ఆసుపత్రి కొన్న ధర మీద ఇంత శాతం అని రాసుకునే పద్ధతి రావాలి. ఎంఆర్‌పీ మీద డిస్కౌంట్ ఎంత ఇచ్చినా, ఎక్కువ ఎంఆర్‌పీ ఉన్న బ్రాండ్ కొంటేనే ఆసుపత్రికి లాభం. లెక్క కొన్న ధర నుంచి మొదలైతే, ఇన్‌వాయిస్ చూపించాల్సి వస్తుంది కనుక ముద్రించిన అంకెకు విలువ పోతుంది.

ఈ పెరుగుదల అంతా తిరిగి ప్రీమియంలోకే వస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. అది నిజమైన ఊరట. బిల్లులు ఇలాగే పెరిగితే ఆ ఊరట రెన్యువల్ నోటీసుల్లో కరిగిపోతుంది. సీనియర్ సిటిజన్ల ప్రీమియం ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందు మిమ్మల్ని సంప్రదించాలని 2025 జనవరిలో అన్నారు. అప్పుడు కంపెనీలు ఆసుపత్రి ఖర్చులు పెరిగాయనే చెబుతాయి. ఆ ఖర్చును అదుపు చేయడానికి తమ ఒప్పందాల్లో ఏం చేశారో కూడా అప్పుడే అడగండి.

లెక్కలు బయటపెట్టే విషయంలో మీరు ఇంకో అడుగు వేయాలి. 2023–24 మీ వార్షిక నివేదిక ప్రకారమే ఆరోగ్య బీమాలో వచ్చిన ప్రీమియంతో పోలిస్తే క్లెయిముల ఖర్చు ప్రభుత్వ కంపెనీల్లో 100 శాతం దాటింది. ఆరోగ్య బీమా మాత్రమే చేసే ప్రైవేటు కంపెనీల్లో దాదాపు 65 శాతం. ఆ కంపెనీలకు నిర్వహణ ఖర్చుల పరిమితి ప్రీమియంలో 35 శాతం. గ్రూపు పాలసీలు, వ్యక్తిగత పాలసీల నిష్పత్తి వేరు కాబట్టి ఈ అంకెలను నేరుగా పోల్చలేమని మాకు తెలుసు. అందుకే ఇంకా వివరంగా కావాలంటున్నాం. ఎన్ని క్లెయిములు ‘సెటిల్’ అయ్యాయన్న లెక్కలో, రూ. 2,86,000కు రూ. 2,05,000 ఇచ్చినదీ సెటిల్ అయినట్టే. అడిగిన ప్రతి వంద రూపాయలకు ఎంత చెల్లించారు, కోసినది ఏ కారణం కింద ఎంత అన్నది కంపెనీ వారీగా, వ్యక్తిగత పాలసీలకు విడిగా ప్రచురించండి. పూర్తి తిరస్కరణకు కంపెనీలోని క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం తప్పనిసరి చేశారు. పాక్షిక కోతకు అది లేదు. బిల్లులో ఐదో వంతుకు మించి కోత పడితే అదీ ఆ కమిటీ ముందుకు వెళ్లాలి.

మేం అడుగుతున్న మార్గానికి ఒక హద్దుంది. 2024 జనవరిలో బీమా కంపెనీల ఉమ్మడి సంస్థ జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ మొదలుపెట్టిన ‘క్యాష్‌లెస్ ఎవ్రీవేర్’ (నెట్‌వర్క్ బయటా క్యాష్‌లెస్) కింద నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రికి వెళ్తే, అక్కడ ముందస్తు టారిఫ్ ఒప్పందం ఉండదు. అక్కడ ఆధారం ప్రభుత్వాల చట్టాలే. 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో వచ్చిన నియమాలు, సేవల ధరలను స్థానిక భాషలోనూ ఇంగ్లిష్‌లోనూ ప్రదర్శించాలంటాయి. మీ వైపు నుంచి చేయగలిగినది ఒకటుంది: ధరల పట్టిక ప్రదర్శించని ఆసుపత్రిని నెట్‌వర్క్‌లో చేర్చుకోవద్దని కంపెనీలకు చెప్పడం.

ఈ లేఖ చదివే పాలసీదారులకూ కొన్ని మాటలు. చేరే ముందు ఇన్సూరెన్స్ డెస్కులో ‘మా పాలసీకి ఏ గది సరిపోతుంది, నర్సింగ్ కలిపి రోజుకు ఎంత?’ అని అడిగి కాగితం మీద రాయించుకోండి. హిస్టరీ చెప్పేటప్పుడు కచ్చితంగా తెలియని ఏళ్లు చెప్పకండి. ‘తెలియదు’ అంటే తెలియదనే రాయమనండి. డిశ్చార్జ్ నాడు కౌంటర్‌లో కట్టమన్న మొత్తానికి లైన్ల వారీగా కోతల పట్టిక, ప్రతి కోతకూ పాలసీ క్లాజు నంబరు అడగండి. పాక్షిక కోతకైనా క్లాజు చూపించాలన్నది ఇప్పటికే ఉన్న నియమం. తృప్తి లేకపోతే కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాతపూర్వకంగా పంపండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. రూ. 50 లక్షల దాకా వివాదాలు అక్కడ తేలతాయి.

ఛైర్మన్ గారూ, అంబుడ్స్‌మన్ తీర్పును 30 రోజుల్లో అమలు చేయని కంపెనీ రోజుకు రూ. 5,000 చొప్పున ఫిర్యాదుదారుకు కట్టాలని మీరు పెట్టిన నియమం బాగా పనికొస్తోంది. అలాంటిదే డిశ్చార్జ్ కౌంటర్‌కూ కావాలి. కలిసి ఉండాల్సిన అంశాలకు రోగి దగ్గర డబ్బు వసూలైనట్టు తేలితే, 15 రోజుల్లో తిరిగి చెల్లించాలి. ఆలస్యమైతే రోజువారీ జరిమానా పడాలి. అది కంపెనీ కట్టి, తర్వాత ఆసుపత్రి దగ్గర రాబట్టుకోవచ్చు. ఆసుపత్రిని వెంటాడే పని రోగి మీద కాకుండా, ఒప్పందం మీద సంతకం పెట్టిన కంపెనీ మీద ఉండాలి. ఈ నిబంధనతో నెట్‌వర్క్ ఒప్పందాల ముసాయిదా తయారు చేయించి, ప్రజాభిప్రాయం కోసం తెలుగుతో సహా భారతీయ భాషల్లో ప్రచురించాలని కోరుతున్నాం.

ఇట్లు,
క్లెయిమ్ పత్రాలతో రోజూ పనిచేసే కొందరం